లారీకి కవచం, రాత్రికి కన్ను

ఆస్ట్రేలియా ఖండం నడిబొడ్డున ఆలిస్ స్ప్రింగ్స్ అనే పట్టణం ఉన్నది. అక్కడి నుండి ఉత్తర తీరాన ఉన్న డార్విన్ రేవుకు దాదాపు 1,500 కిలోమీటర్ల దూరం. మన లెక్కలో చెప్పుకుంటే, ఇంచుమించు హైదరాబాదు నుండి ఢిల్లీకి రోడ్డు మీద పోయినంత. అయితే మన దారిలో నాగపూరు, ఝాన్సీ, గ్వాలియరు, ఆగ్రా వంటి నగరాలు తగులుతాయి. వాటి నడుమ లెక్కలేనన్ని ఊళ్ళు, టీ దుకాణాలు, పంక్చరు షాపులు, లారీ మెకానిక్కులు ఉంటారు. స్టువర్ట్ రహదారి అని పిలువబడే ఆ దారిలోనో, ఒక పెట్రోలు బంకు దాటిన తరువాత మరొక దీపం కనిపించడానికి వంద కిలోమీటర్లు పోవలసిన చోట్లు ఉన్నాయి. ఆ మధ్యలో రేడియేటరు పగిలి, నీళ్ళన్నీ కారిపోయి లారీ నిలిచిపోతే, డ్రైవరుకు తోడుగా ఉండేవి ఎర్రమట్టి, ఎండ, ఆకాశం మాత్రమే.

లారీ ముందు భాగాన అడ్డంగా బిగించే ఇనుప కమ్మీల చట్రానికి, దాని మీద వరుసగా అమర్చే పెద్ద దీపాలకు అక్కడ ఉన్న గిరాకీకి ఈ ఒంటరితనమే ప్రధాన కారణం. ఆ చట్రాన్ని 'బుల్ బార్' అంటారు. ఆస్ట్రేలియా వాసులు చనువుగా 'రూ బార్' అని కూడా పిలుస్తారు. రూ అంటే కంగారూ. మన దేశంలో కూడా ఇటువంటి చట్రాలను జీపులకు, కార్లకు, లారీలకు బిగించడం చాలాకాలంగా చూస్తూనే ఉన్నాము. చాలామంది దృష్టిలో అది హోదాకు, ధైర్యానికి గుర్తు. కాని అది నిజంగా అవసరమైన చోట ఏ పని చేస్తున్నదో తెలుసుకుంటే, మన వీధులలో దానికి చోటు ఉన్నదా లేదా అన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు దానంతట అదే దొరుకుతుంది.

రైలు వంటి లారీ

ఆ ఎడారి దారులలో తిరిగేవి సామాన్యమైన లారీలు కావు. ఒక్క ఇంజను బండి వెనుక మూడేసి ట్రెయిలర్లను తగిలించి లాగుతారు. వీటిని 'రోడ్ ట్రెయిన్' అంటారు. వీటికి అనుమతించిన గరిష్ఠమైన పొడవు 53.5 మీటర్లు. మన రైలు పెట్టెలు రెండింటిని కలిపినా అంత పొడవు ఉండదు. సరుకుతో కలిసి వీటి బరువు వంద టన్నులు దాటుతుంది.

ఇటువంటి బండి ఒకటి 1934లోనే బ్రిటన్ నుండి ఉత్తర ఆస్ట్రేలియాకు వచ్చింది. అయితే ఈ పద్ధతి నిలదొక్కుకున్నది రెండవ ప్రపంచ యుద్ధం తరువాతనే. ఆలిస్ స్ప్రింగ్స్ ప్రాంతపు మెకానిక్కు కర్ట్ జోహాన్సెన్, యుద్ధ ట్యాంకులను మోయడానికి తయారైన అమెరికా సైన్యపు డైమండ్-టి లారీ ఒకదానిని సంపాదించి, దాని వెనుక తాను స్వయంగా తయారుచేసిన ట్రెయిలర్లను తగిలించాడు. ముందు చక్రాలు పోయిన జాడలోనే వెనుక చక్రాలు కూడా పోయేటట్లు వాటిని రూపొందించడం ఆయన గొప్పతనం. అంతకుముందు పశువుల మందలను వారాల తరబడి నడిపించుకుపోవలసి వచ్చేది. ఇటువంటి బండ్లు వచ్చిన తరువాత వందేసి పశువులను ఒక్క ప్రయాణంలో చేర్చడం సాధ్యమైంది.

అంత పెద్ద బండిని ఆపడం సులభం కాదు. గంటకు 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, అప్పటికే 37 మీటర్లు గడచిపోతాయి. గాలి బ్రేకుల ఒత్తిడి చివరి ట్రెయిలరు దాకా చేరడానికి మరొక అర సెకను. ఆ తరువాత బ్రేకులు ఎంత గట్టిగా పట్టినా, బండి పూర్తిగా నిలిచేసరికి మొత్తం 150 మీటర్లు కావచ్చును. పోనీ, పక్కకు తప్పిద్దామంటే అది మరింత ప్రమాదం. ముందు బండి కొద్దిగా పక్కకు తొలగితే, ఆ కదలిక ఒక్కొక్క ట్రెయిలరుకు పెరుగుతూ పోయి, చివరిది కొరడా కొసలాగ విసురుగా ఊగుతుంది, బోల్తాపడినా పడుతుంది.

కాబట్టి అక్కడి డ్రైవరుకు మిగిలిన మార్గాలు రెండే. ఎదుట ఉన్నదానిని వీలైనంత ముందుగా చూడడం ఒకటి. చూసినా ఆపలేనప్పుడు, చక్రం తిప్పకుండా దెబ్బను తిన్నగా భరించడం రెండవది. దీపాలు మొదటి పనికి, చట్రం రెండవ పనికి.

దెబ్బ ఎక్కడికి పోతుంది?

కంగారూలు ఎక్కువగా మేతకు వచ్చేది సందెవేళ, రాత్రి, తెల్లవారుజామున. ఎడారిలో కురిసే కొద్దిపాటి వాన కూడా తారురోడ్డు మీద నుండి జారి అంచులకు చేరుతుంది. అందుచేత చుట్టుపక్కల అంతా ఎండిపోయినా రోడ్డు అంచున మాత్రం పచ్చగడ్డి మిగిలి ఉంటుంది. ఆ గడ్డి కోసం కంగారూలు వస్తాయి. లారీ గుద్ది చచ్చిపడిన వాటిని తినడానికి గ్రద్దలు వస్తాయి. మనిషి వేసిన రోడ్డే జంతువును పిలిచి, దానికి మృత్యువవుతున్నది.

బాగా ఎదిగిన మగ ఎర్ర కంగారూ 80 కిలోల బరువు ఉండవచ్చును. వంద టన్నుల బండి వేగాన్ని ఆ బరువు రవ్వంత కూడా తగ్గించలేదు. అయితే ప్రశ్న బండి మొత్తానికి సంబంధించినది కాదు, దెబ్బ తగిలిన చోటుకు సంబంధించినది. సెకనులో యాభయ్యవ వంతు కాలంలో ఆ 80 కిలోలు సెకనుకు 25 మీటర్ల వేగాన్ని అందుకుంటే, ఆ చోట పడే బలం సుమారు పది టన్నుల బరువుకు సమానం. రేడియేటరు అంటే పలుచని గొట్టాలు, రేకులు. పది టన్నులు కాదు, అందులో పదవ వంతునైనా అది తట్టుకోలేదు.

సరిగా తయారైన చట్రం ఇక్కడే పనికి వస్తుంది. దానిని బంపరు రేకుకు గాక, లారీకి వెన్నెముక వంటి ఛాసిస్ దూలాలకు గట్టి బోల్టులతో బిగిస్తారు. జంతువు ఎక్కడ తగిలినా, ఆ బలం కమ్మీల గుండా రెండు దూలాలకూ పంచబడి బండి మొత్తానికి చేరుతుంది. రేడియేటరు, దీపాలు, స్టీరింగు భాగాలు దెబ్బ తినకుండా మిగులుతాయి. బండి ఆగకుండా తరువాతి మజిలీకి చేరుతుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. చట్రం దెబ్బను మాయం చేయదు, మళ్ళిస్తుంది. లోపల ఉన్నదానికి తగలవలసిన దెబ్బ లోపలికి రాకుండా పోతుంది గాని, బయట ఉన్నదానికి తగిలే దెబ్బ తగ్గదు. పైగా రేకు వంగి కొంత మెత్తగా తాకవలసిన చోట వంగని ఇనుము తాకుతుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది.

కరాచీ నుండి వచ్చిన ఒంటెలు

ఆ రహదారుల మీద కంగారూ కంటె భయపెట్టే జంతువు ఒంటె. దాని కథలో మన ఉపఖండానికి కూడా భాగం ఉన్నది. ఆస్ట్రేలియా ఖండాన్ని దక్షిణం నుండి ఉత్తరానికి దాటడానికి బర్క్, విల్స్ అనే అన్వేషకులు చేసిన యాత్ర కోసం, 1860లో కరాచీ రేవు నుండి 24 ఒంటెలను ఓడలో మెల్బోర్నుకు తరలించారు. వాటితో పాటు వాటిని నడిపే మనుషులు కూడా వెళ్ళారు. ఆ తరువాతి దశాబ్దాలలో పంజాబు, బెలూచిస్తాను, పెషావరు, ఆఫ్ఘనిస్తాను ప్రాంతాల నుండి ఎందరో ఒంటెలవాళ్ళు అక్కడికి పోయారు. వారందరినీ కలిపి అక్కడివారు 'ఆఫ్ఘన్లు' అన్నారు. ఎడారి లోపలి పశుక్షేత్రాలకు, గనులకు ఉప్పూ పప్పూ మొదలుకొని తంతి స్తంభాల దాకా మోసినవి ఆ ఒంటెలే. 1929లో ఆలిస్ స్ప్రింగ్స్ చేరిన రైలుకు 'ఘాన్' అన్న పేరు స్థిరపడింది వారి జ్ఞాపకంగానే అంటారు.

1920ల తరువాత మోటారు లారీలు వచ్చి ఒంటెల పని లాగివేసుకున్నాయి. పని లేని ఒంటెలను యజమానులు ఎడారిలో వదిలివేశారు. అవి అడవి మందలై, తరువాతి కాలంలో లక్షల సంఖ్యకు పెరిగాయి. ఏ లారీ తమ బ్రతుకుతెరువును తీసివేసిందో, ఆ లారీకే ఇప్పుడు రాత్రివేళ అవి అడ్డుపడుతున్నాయి. ఒంటె బరువు అయిదు వందల కిలోలు దాటవచ్చును, కాళ్ళు పొడుగు. తక్కువ ఎత్తున ఉన్న బండి గుద్దితే కాళ్ళు విరిగి, ఆ శరీరం తిన్నగా అద్దం మీద పడుతుంది. ఇటువంటి దెబ్బకు మోకాలి ఎత్తు చట్రం చాలదు. అందుకే రోడ్ ట్రెయిన్ల చట్రాలు బానెట్టు ఎత్తు దాకా ఉంటాయి. అయినా, కవచం ఎంత పెద్దదైనా, ముందుగా చూడగలగడానికి అది సాటి రాదు.

వెలుగు లెక్క

సామాన్యమైన హెడ్‌లైటును డిమ్ చేసి నడిపితే, ముదురు రంగు జంతువు యాభై, అరవై మీటర్ల దగ్గరకు వచ్చే దాకా కనిపించకపోవచ్చును. బండి ఆగడానికి 150 మీటర్లు కావాలన్నాము. అంటే కనిపించేసరికే సమయం మించిపోయి ఉంటుంది. దూరానికి వెలుగును పంపే అదనపు దీపాలు అవసరమైనది ఇందుకే.

అయితే వెలుగు లెక్క చాలా కఠినమైనది. దూరం రెండింతలైతే, అక్కడ పడే వెలుగు సగం కాదు, నాలుగవ వంతు అవుతుంది. కాబట్టి రెండింతల దూరం అదే స్పష్టతతో చూడాలంటే నాలుగింతల వెలుగు కావాలి, మూడింతలకు తొమ్మిదింతలు. అందుచేత తెలిసినవారు వాట్లను పెంచుకుంటూ పోరు. ఉన్న వెలుగును ఎటు పంపాలో చూసుకుంటారు. సన్నని కిరణపుంజాన్ని దూరానికి పంపే దీపాలు రెండు, రోడ్డు అంచులలోని పొదలను చూపేటట్లు వెడల్పుగా పరచే దీపాలు రెండు ఉంటే, ఒకే రకం దీపాలు పది ఉన్నదాని కంటె మేలు.

ధూళిలో, మంచులో పరిస్థితి తలకిందులు. అక్కడ బలమైన కాంతి ఎదుటి కణాల మీద పడి డ్రైవరు కళ్ళకే తిరిగి వస్తుంది. లారీ నెత్తి మీద, డ్రైవరు చూపుకు దగ్గరగా ఉన్న దీపాలతో ఈ బాధ మరీ ఎక్కువ. ధూళిలో పనికి వచ్చేది తక్కువ ఎత్తున అమర్చి, నేలబారుగా, వెడల్పుగా వెలుగు పరచే దీపం. గనుల రోడ్ల మీద తిరిగే డ్రైవర్లు పెద్ద దీపాలు ఆర్పి, కింది దీపాలతోనే నెమ్మదిగా పోవడం ఈ అనుభవం వల్లనే.

1962లో ఐరోపాలో కార్లకు హాలొజెన్ బల్బులు వచ్చాయి. ఇప్పుడు వాటి స్థానాన్ని ఎల్‌ఇడి దీపాలు ఆక్రమిస్తున్నాయి. తెల్లని ఎల్‌ఇడికి మూలమైన నీలి కాంతి డయోడును సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఎల్‌ఇడికి కరెంటు తక్కువ పడుతుంది. తీగ బల్బులాగ కుదుపులకు తెగిపోదు. కాని హాలొజెన్ కోసం చేసిన దీపపు గిన్నెలో ఎల్‌ఇడి బల్బును దూర్చితే ఫలితం వేరు. ఆ గిన్నె వంపు, హాలొజెన్ తీగ ఉండే చోటును బట్టి లెక్కకట్టి చేసినది. వెలుగు పుట్టే చోటు, ఆకారం మారితే కిరణాలు దారితప్పుతాయి. రోడ్డు మీద పడవలసినవి ఎదుటివాని కళ్ళలో పడతాయి. మన రహదారుల మీద రాత్రివేళ అనుభవిస్తున్న బాధలో కొంత భాగం ఇదే.

ఊరిలోకి వచ్చిన చట్రం

ఇంతవరకు చెప్పినది మనిషి కనిపించని రోడ్డు గురించి. ఇప్పుడు అదే చట్రాన్ని, అవే దీపాలను మన రోడ్డు మీదకు తెద్దాము.

మన రోడ్డు మీద లారీకి ఎదురయ్యేది కంగారూ కాదు. బడికి పోయే పిల్ల, సైకిలు మీద పాలు తెచ్చే మనిషి, చీకటిలో రోడ్డు దాటే ముసలమ్మ. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో 32,825 మంది పాదచారులు. వీరందరి చావుకు చట్రాలు కారణమని కాదు. కాని ఇంతమంది నడిచేవారు ఉన్న దేశంలో బండి ముందు భాగం ఎంత కఠినంగా ఉండవచ్చునన్నది చిన్న ప్రశ్న కాదు. జీపు మీది ఇనుప కమ్మీ పెద్దవాని తొడ ఎత్తున ఉంటే, అదే పసిపిల్ల తల ఎత్తున ఉంటుంది.

లోపల కూర్చున్నవారికైనా మేలు జరుగుతుందా అంటే, కార్ల విషయంలో అది కూడా అనుమానమే. ఢీకొన్నప్పుడు కారు ముందు భాగం నలిగిపోయి దెబ్బను తనలో ఇముడ్చుకోవాలన్న ఆలోచనకు బేలా బారెన్యి అనే ఇంజనీరు 1950ల ప్రారంభంలోనే పేటెంటు పొందాడు. నేటి కార్లన్నీ ఆ సూత్రం మీద తయారైనవే. నలగవలసిన భాగం ముందు నలగని ఇనుము పెడితే, దెబ్బ తిన్నగా ఛాసిస్‌కు, దాని నుండి మనుషులకు చేరుతుంది. గాలిసంచులు ఎప్పుడు విచ్చుకోవాలో చెప్పే సెన్సర్ల లెక్క కూడా తప్పవచ్చును.

ఐరోపా సమాఖ్య 2005లో ఒక ఆదేశం జారీచేసి, తేలిక వాహనాలకు అమ్మే ఇటువంటి చట్రాలు పాదచారి కాలికి, పిల్లల తలకు తగిలే దెబ్బను కొలిచే పరీక్షలలో నెగ్గాలని నిర్దేశించింది. 2017 డిసెంబరులో మన కేంద్ర రవాణా శాఖ, ఈ చట్రాలు 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ విభాగానికి విరుద్ధమని, వాటిని బిగించినవారి మీద చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు లేఖ వ్రాసింది.

దీపాల విషయం కూడా ఇంతే. ఎదుటి బండి వెలుగు కళ్ళలో కొట్టిన తరువాత చూపు మళ్ళీ కుదుటపడడానికి అయిదు సెకన్లు పట్టిందనుకుందాము. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే మనిషి ఆ లోపల 80 మీటర్లకు పైగా గ్రుడ్డిగా ప్రయాణం చేస్తాడు. వయస్సు మళ్ళినవారికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. ఒకప్పుడు మన నగరాలలో హెడ్‌లైటు పై భాగాన నల్లరంగు పూసేవారు. అది మోటుపద్ధతే గాని, దాని వెనుక ఉన్న ఆలోచన సరైనదే. అంత ఖాళీ రోడ్లు ఉన్న ఆస్ట్రేలియాలో కూడా, ఎదుటి బండి 200 మీటర్లలోపు ఉంటే పెద్ద దీపాలు వేయరాదన్న నియమం ఉన్నది.

జంతువును ఎదుర్కొనడానికి కవచం, వెలుగు తప్ప వేరే మార్గమే లేదా? ఉన్నది, దానిని మనమే చూపాము. శ్రీశైలం పోయే యాత్రికులకు తెలిసినదే: నల్లమల అడవి దారిలో రాత్రి అయితే చెక్‌పోస్టుల వద్ద వాహనాలను నిలిపివేస్తారు. కర్ణాటకలోని బందీపూరు అడవి గుండా పోయే జాతీయ రహదారి మీద కూడా 2009లో రాత్రి ప్రయాణ నిషేధం వచ్చింది. వర్తకులు, ప్రయాణికులు దీనిమీద అభ్యంతరం చెబుతూనే ఉన్నారు; వారి కష్టం కూడా నిజమే. అయినా, రాత్రిని అడవికి వదిలిపెట్టడం కూడా ఒక రక్షణ పద్ధతి అని గుర్తించాలి.

బిగించే ముందు

గనులలో, అటవీ పనులలో, ఆనకట్టల నిర్మాణంలో పనిచేసే బరువు బండ్లకు ముందు రక్షణ, అదనపు వెలుగు అవసరం కావచ్చును. అటువంటివారు ముందుగా చట్టం ఏమి అనుమతిస్తున్నదో రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోవడం మంచిది. ఆ తరువాత చట్రం బరువు చూడాలి. ఇనుము బరువులో అల్యూమినియం మూడవ వంతే ఉంటుంది. ముందు ఇరుసు మీద భారం తగ్గుతుంది. కాని వంగిన ఇనుమును ఏ వెల్డింగు షాపులోనైనా సరిచేయవచ్చును. అల్యూమినియానికి ఆ సౌకర్యం తక్కువ. కమ్మీలు, దీపాలు కలిసి రేడియేటరుకు గాలి తగలకుండా అడ్డుపడితే, జంతువు నుండి కాపాడిన ఇంజను వేడికి పాడవుతుంది.

దీపాలకు కరెంటును స్విచ్చు గుండా సన్నని వైరుతో ఇవ్వరాదు. బ్యాటరీ నుండి లావు వైరు వేసి, ఫ్యూజు, రిలే పెట్టాలి. తీగ బల్బుకు అందే వోల్టేజి పదవ వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడవ వంతు తగ్గిపోతుంది. కొత్త దీపం కొనే ముందు పాత వైరు మార్చి చూస్తే, ఖర్చు లేకుండానే వెలుగు పెరగడం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. అదనపు దీపాలు హై బీముతో పాటే వెలిగి, డిమ్ చేయగానే వాటితో పాటే ఆరిపోయేటట్లు కలపాలి.

అన్నిటికంటె చౌకైన రక్షణ వేగం తగ్గించడం. సగం వేగంతో పోయే బండికి బ్రేకు వేసిన తరువాత ఆగడానికి పట్టే దూరం సగం కాదు, నాలుగవ వంతు. వెలుగు విషయంలో మనకు ఎదురు తిరిగిన లెక్కే, ఇక్కడ మన పక్షాన పనిచేస్తుంది. గని నుండి బయటకు వచ్చిన లారీ ఊరి పొలిమేర చేరేసరికి చేయవలసిన పనులు రెండే: నెత్తి మీది దీపాలు ఆర్పడం, కాలు కొంచెం వెనుకకు తీయడం. వీటికి ఏ దుకాణానికీ పోనక్కరలేదు.